సేవ్ చేసిన గ్రాఫ్‌ని టెర్మినల్ నుంచి తెరవడం: ఏ ఫైలుకి ఏ దారి?

ఫైలు పేరు చివరి మూడక్షరాలు చూసి ఏ కమాండ్ కొట్టాలో తేల్చుకోవడం అందరికీ అలవాటే. మామూలు ఫైళ్లకి అది సరిపోతుంది. గ్రాఫుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంటిపేరు కస్తూరివారు తంతు. డాట్ ఫిగ్ సంగతే చూడండి. లెక్కలకి వాడే మ్యాట్‌ల్యాబ్ గ్రాఫుని దాచేది ఆ ఎక్స్‌టెన్షన్‌తోనే. ఎక్స్‌ఫిగ్ అనే పాతకాలపు డ్రాయింగ్ ప్రోగ్రామ్ ఫైళ్లకీ అదే. ఫిగ్మాలో చేసిన డిజైన్‌ని కంప్యూటర్లోకి దించుకుంటే దానికీ అదే. నోడ్లని గీతలతో కలిపి బొమ్మ గీసే గ్రాఫ్‌విజ్ వాడే ఫైళ్లది ఇంకో కథ. వాటి ఎక్స్‌టెన్షన్ ‘డాట్’ అనే మాటే: పాత మైక్రోసాఫ్ట్ వర్డ్ టెంప్లేట్ల ఎక్స్‌టెన్షన్ కూడా అదే కాబట్టి, నోడ్లూ గీతలూ కనిపించాల్సిన చోట వర్డ్ ప్రాసెసర్ తెరుచుకుంటుంది. ఈ గొడవ లేకుండా ఉండాలనే గ్రాఫ్‌విజ్ వాళ్లు జీవీ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకోమంటారు.

అందుకని పేరు పక్కన పెట్టి, లోపల ఏముందో ముందు చూసుకోవాలి. పూర్తయిపోయిన బొమ్మా? బ్రౌజర్‌లో నడిచే పేజీనా? ఒక ప్రోగ్రామ్ తన మెమరీలో ఉన్నదాన్ని ఉన్నట్టుగా డిస్క్ మీదికి దించిన వస్తువా? లేక గ్రాఫ్ ఎలా గీయాలో చెప్పే స్క్రిప్టు మాత్రమేనా? ఈ నాలుగింట్లో ఏదో తెలిస్తే కమాండ్ ఎంచుకోవడం పెద్ద పనేం కాదు. తెలియకపోతే లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ‘ఫైల్’ అనే కమాండే ఉంది. అది పేరు చూడదు, మొదటి బైట్లు చూస్తుంది. మ్యాట్‌ల్యాబ్ ఫిగ్ ఫైలు మీద నడిపితే ‘మ్యాట్‌ల్యాబ్ వీ5 మ్యాట్-ఫైల్’ అని చెబుతుంది. టాబ్లో అనే చార్టుల ప్రోగ్రామ్ వారి టీడబ్ల్యూబీఎక్స్ ఫైలు మీద నడిపితే జిప్ అని తేలుస్తుంది. నిజంగానే అది జిప్పే. అన్‌జిప్ చేస్తే లోపల ఎక్స్‌ఎంఎల్ వర్క్‌బుక్కూ, దాని డేటా ఫైళ్లూ విడివిడిగా కనిపిస్తాయి.

సిస్టమ్‌కి వదిలేస్తే

అన్నిటికన్నా తేలిక దారి, ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలో ఆపరేటింగ్ సిస్టమ్‌నే తేల్చుకోమనడం. లినక్స్‌లో ‘ఎక్స్‌డీజీ-ఓపెన్’, మ్యాక్‌లో ‘ఓపెన్’, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘స్టార్ట్’, పవర్‌షెల్‌లో ‘ఇన్వోక్-ఐటెమ్’, క్లుప్తంగా ‘ఐఐ’. పీఎన్‌జీ, పీడీఎఫ్ లాంటి బొమ్మలకి ఇంతకు మించి వెతుక్కోనక్కర్లేదు.

పైకి ఒకేలా కనిపించినా వీటి తీరు వేరు. మ్యాక్ ‘ఓపెన్’కి ఒకేసారి పది ఫైళ్లిచ్చినా తీసుకుంటుంది. ‘ఎక్స్‌డీజీ-ఓపెన్’ ఒక్కటే తీసుకుంటుంది, మిగతావి ఇస్తే ఎర్రర్ కొడుతుంది. ఫోల్డర్ నిండా గ్రాఫులుంటే, ఒక్కో ఫైలుకీ అదే కమాండ్‌ని మళ్లీ నడిపే ఫర్ లూప్ రాసుకోవాల్సిందే. విండోస్ ‘స్టార్ట్’కి విచిత్రమైన అలవాటుంది: జంట కోట్లలో వచ్చే మొదటి మాటని విండో టైటిల్ అనుకుంటుంది. పేరులో స్పేస్ ఉందని ఫైలు పేరుకి కోట్లు పెట్టి ఇస్తే, గ్రాఫ్ తెరవకుండా ఆ పేరే నెత్తిన పెట్టుకున్న కొత్త కమాండ్ విండో ఒకటి తెరిచి ఊరుకుంటుంది. ముందు ఖాళీ కోట్ల జత ఒకటి పెట్టి, తర్వాత ఫైలు పేరు రాస్తే సరి.

ఇక స్క్రిప్టుల్లో వాడేవాళ్లకి అసలైన చిక్కు. ఈ కమాండ్లు సాధారణంగా ఫైలుని వేరే ప్రోగ్రామ్ చేతిలో పెట్టి వెంటనే వెనక్కి వచ్చేస్తాయి. స్క్రిప్టు తాత్కాలిక ఫైలు తయారుచేసి, తెరవమని చెప్పి, పక్క లైన్లోనే దాన్ని డిలీట్ చేస్తే, వ్యూయర్ లేచి చూసేసరికి అక్కడ ఫైలుండదు. ఒకసారి పని చేస్తుంది, ఇంకోసారి చెయ్యదు. తప్పెక్కడుందో పట్టుకోవడానికి తల ప్రాణం తోకకొస్తుంది. విండోస్‌లో ‘స్టార్ట్’కి వెయిట్ అనే ఆప్షనుంది. మ్యాక్‌లో పెద్ద డబ్ల్యూ (-W) ఆప్షనుంది కానీ, అది విండో మూసేదాకా కాదు, యాప్ మొత్తం క్విట్ అయ్యేదాకా ఆగుతుంది. ప్రివ్యూలో ఇంకో నాలుగు ఫైళ్లు తెరిచి ఉంటే మీ స్క్రిప్టు సాయంత్రం దాకా అలాగే కూర్చుంటుంది.

ఉబుంటు 21.10 నుంచి ఫైర్‌ఫాక్స్, మిగతా సిస్టమ్‌కి కాస్త దూరంగా విడిగా నడిచే స్నాప్ ప్యాకేజీగా వస్తోంది కదా, దానివల్ల ఇంకో తిరకాసు. స్నాప్‌కి తనదైన విడి టెంప్ ఫోల్డర్ ఉంటుంది. మీరు టెంప్‌లో రాసిన హెచ్‌టీఎంఎల్ గ్రాఫ్ మీకు కనిపిస్తుంది, ఎల్‌ఎస్ కొడితే లిస్టులో ఉంటుంది, ఫైర్‌ఫాక్స్ మాత్రం ఫైలే లేదంటుంది. హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే దాపుడు ఫోల్డర్లకీ ఇదే గతి. ఫైలుని హోమ్ కింద మామూలు ఫోల్డర్లోకి మార్చి తెరిస్తే తగాదా తీరిపోతుంది.

కాబట్టి చేత్తో టైప్ చేసేటప్పుడు సిస్టమ్‌కి వదిలేయండి; స్క్రిప్టులో రాసేటప్పుడు వద్దు. మీ మెషీన్లో ఎస్‌వీజీ తెరిచేది బ్రౌజర్, పక్కవాళ్ల మెషీన్లో ఇంక్‌స్కేప్. స్క్రిప్టు ఒకటే, ఫలితాలు రెండు. లినక్స్‌లో ఏ రకానికి ఏ ప్రోగ్రామ్ ముడిపడి ఉందో ‘ఎక్స్‌డీజీ-మైమ్’ కమాండ్ చెబుతుంది, మార్చడానికీ అదే.

ప్రోగ్రామ్ పేరు మనమే చెబితే

స్క్రిప్టుల్లో వాడదగ్గ పద్ధతి ఇదే. బొమ్మలకి ఫెహ్, పీడీఎఫ్‌లకి జతూరా లేదా ఎవిన్స్, మ్యాక్‌లో ‘ఓపెన్’కి చిన్న ఏ ఆప్షన్‌తో యాప్ పేరు. ఇందులో ఇంకో లాభముంది: జతూరా, ఎవిన్స్ రెండూ ఫైలు మారగానే తమంతట తామే మళ్లీ చదువుకుంటాయి. గ్రాఫ్ రంగులు, లేబుళ్లు సరిచేస్తూ పదేపదే సేవ్ చేసే పనిలో ఉన్నప్పుడు వ్యూయర్‌ని ఒకపక్క తెరిచి పెట్టుకుంటే చాలు, ప్రతిసారీ తెరిచే పని ఉండదు. మ్యాక్‌లో ఒక్కసారి కనిపిస్తే చాలనుకుంటే ‘క్యూఎల్‌మేనేజ్’ చిన్న పీ ఆప్షన్‌తో క్విక్‌లుక్ విండో తెరుస్తుంది.

ఎస్‌వీజీ గురించి రెండు ముక్కలు. అది బొమ్మలా కనిపించే టెక్స్టు. మౌస్ పెడితే విలువ చూపించే స్క్రిప్టు అందులో ఉంటే, దాన్ని నడిపేది బ్రౌజరే; బొమ్మల వ్యూయర్లో నిశ్చలంగా ఉండిపోతుంది. ఇక లక్ష చుక్కల స్కాటర్ ప్లాట్‌ని ఎస్‌వీజీగా సేవ్ చేశారంటే లోపల లక్ష మూలకాలున్నట్టే, బ్రౌజర్ ముక్కుతూ మూలుగుతూ తెరుస్తుంది. అలాంటప్పుడు ‘ఆర్‌ఎస్‌వీజీ-కన్వర్ట్’తో పీఎన్‌జీ చేసుకుని చూడటం మేలు.

హెచ్‌టీఎంఎల్: తెరుచుకుంటుంది, ఖాళీగా

ఎక్కువ తికమక ఇక్కడే. ప్లాట్లీ, బొకే, ఆల్టెయిర్ లాంటి పైథాన్ లైబ్రరీలు గ్రాఫుని హెచ్‌టీఎంఎల్ పేజీగా సేవ్ చేస్తాయి. తెరవడానికి బ్రౌజర్ చాలు కదా అనిపిస్తుంది. పేజీ తెరుచుకుంటుంది కూడా. గ్రాఫ్ ఉండదు, తెల్లగా మెరిసే ఖాళీ పేజీ ఉంటుంది.

మొదటి కారణం, గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఎక్కడుందన్నది. ప్లాట్లీ మామూలుగా లైబ్రరీ మొత్తాన్ని ఫైల్లోనే కుక్కేస్తుంది; అందుకే నాలుగు బార్ల గ్రాఫైనా 3 ఎంబీ పైమాటే. సీడీఎన్ (ఇలాంటి లైబ్రరీలని అందించే ఇంటర్నెట్ సర్వర్లు) అన్న ఆప్షన్ ఇస్తే ఫైలు కొన్ని కేబీలకి తగ్గుతుంది, కానీ తెరిచే ప్రతిసారీ లైబ్రరీని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాలి. డైరెక్టరీ అన్న ఆప్షన్ ఇస్తే లైబ్రరీ ఫైలు అదే ఫోల్డర్లో పక్కన ఉండాలి. హెచ్‌టీఎంఎల్‌ని ఒక్కదాన్నే మెయిల్లో పంపితే అవతలివాళ్లకి చేరేది ఉత్త పేజీయే. బొకే, ఆల్టెయిర్‌లు మామూలుగా సీడీఎన్ దారి పడతాయి. ఇన్‌లైన్ అడిగితే తప్ప లైబ్రరీని లోపల పెట్టవు. గుర్తుపట్టడానికి ఫైలు సైజు చూస్తే చాలు. కేబీల్లో ఉంటే నెట్ కావాలి, ఎంబీల్లో ఉంటే దాని కాళ్ల మీద అది నిలబడగలదు. నన్నడిగితే డిస్క్ మీద చోటుకి వెనకాడకుండా లైబ్రరీని లోపల పెట్టే సేవ్ చేయండి. రెండేళ్ల తర్వాత నెట్ లేని మెషీన్లోనూ ఆ గ్రాఫ్ కనిపించేది అప్పుడే.

రెండో కారణం డేటా. డీ3 అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో చేత్తో రాసిన పేజీల్లో ఇది తరచూ తగులుతుంది. పేజీ తన పక్కనున్న సీఎస్‌వీ డేటా ఫైలుని చదవబోతుంది. పేజీని నేరుగా డిస్క్ నుంచి తెరిచారు కాబట్టి బ్రౌజర్ ససేమిరా అంటుంది. క్రోమ్ ఇలా అడ్డుకోవడం పాత సంగతే. ఫైర్‌ఫాక్స్ కూడా 2019లో వచ్చిన 68వ వెర్షన్ నుంచి డిస్క్ మీది ప్రతి ఫైలునీ దేనికది వేరే సైటుగా లెక్కేస్తోంది. పేజీలో తప్పేం లేదు, తెరిచిన దారే తప్పు. ఆ ఫోల్డర్లోకి వెళ్లి పైథాన్‌తో ‘డాష్ ఎం హెచ్‌టీటీపీ.సర్వర్’ నడిపి, బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ 8000 పోర్టు తెరవండి. గ్రాఫ్ వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త: ఈ చిన్న సర్వర్ మామూలుగా మీ నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ తలుపు తీసే కూర్చుంటుంది, ఆ ఫోల్డర్లో ఉన్నవన్నీ చూపిస్తుంది. ‘బైండ్’ ఆప్షన్‌కి 127.0.0.1 ఇస్తే మీ మెషీన్‌కే పరిమితమవుతుంది. ఆఫీసు వైఫైలో ఉంటే ఇది మర్చిపోకండి.

ఫైలు దూరపు సర్వర్లో ఉంటే

దూరపు మెషీన్‌ని మన టెర్మినల్ నుంచే నడిపించే ఎస్ఎస్‌హెచ్‌తో సర్వర్లోకి దూరి ‘ఎక్స్‌డీజీ-ఓపెన్’ కొడితే ఏమవుతుంది? అక్కడ డిస్‌ప్లే ఉండదు. లింక్స్, డబ్ల్యూ3ఎం లాంటి టెక్స్ట్ బ్రౌజర్ ఏదైనా ఇన్‌స్టాల్ అయి ఉంటే మీ ప్లాట్లీ పేజీని అందులో తెరుస్తుంది. జావాస్క్రిప్ట్ లేని చోట చూడటానికేం మిగలదు. ఏదీ లేకపోతే తెరవలేనని చెప్పి తప్పుకుంటుంది.

ఇక్కడ చేతిలో ఉన్న దారులు నాలుగు. ఎస్ఎస్‌హెచ్‌కి పెద్ద ఎక్స్ ఆప్షన్ ఇచ్చి అక్కడి విండోని మన తెరమీదికి రప్పించుకోవచ్చు. ఒకే లోకల్ నెట్‌వర్క్‌లో ఉంటే పర్వాలేదు. దూరం పెరిగిందంటే ప్రతి క్లిక్కుకీ అటూ ఇటూ బోలెడు రాయబారాలు నడుస్తాయి, మెనూ తెరిచేలోపు అసలు ఎందుకు తెరిచామో మర్చిపోతాం. అక్కడే ఉండే ప్రోగ్రామ్‌ని నడపక తప్పదనుకున్నప్పుడే దీని జోలికి వెళ్లండి.

రెండోది, ఎస్‌సీపీ అనే కాపీ కమాండ్‌తో ఫైలుని తెచ్చుకుని ఇక్కడ తెరవడం. చూడటానికి మొరటుగా ఉన్నా ఒకటో రెండో బొమ్మలకి దీన్ని మించింది లేదు. ఇంకొకళ్లకి పంపాలన్నా ఎలాగూ ఇక్కడికి తేవాల్సిందే.

మూడోది, టెర్మినల్లోనే బొమ్మ చూడటం. కిటీ టెర్మినల్ అయితే ‘ఐక్యాట్’, ఐటర్మ్2 అయితే ‘ఇమ్‌జీక్యాట్’. ఏ టెర్మినలో తెలియకపోతే ‘చాఫా’ పెట్టుకోండి. టెర్మినల్‌కి కిటీ పద్ధతి వచ్చా, సిక్సెల్ వచ్చా అని అదే కనుక్కుంటుంది, ఏదీ రాకపోతే రంగు అక్షరాలతోనే బొమ్మని అల్లేస్తుంది. సిక్సెల్ ఈనాటిది కాదు, 1980ల్లో డెక్ కంపెనీ ప్రింటర్లకీ టెర్మినళ్లకీ చేసిన పద్ధతి. నిలువుగా ఆరు పిక్సెళ్లని ఒక అక్షరంగా పంపుతుంది. ఒకే టెర్మినల్లో చాలా తెరలు నడిపే టీమక్స్ లోపల ఉంటే మాత్రం మధ్యలో అది అడ్డుపడి బొమ్మ రాకపోవచ్చు. వక్రరేఖ పైకెళ్తోందా కిందికి దిగుతోందా, ట్రైనింగ్ లాస్ ఎక్కడైనా ఎగిరిందా అని చూసుకోవడానికి ఈ పద్ధతి భేషుగ్గా ఉంటుంది. యాక్సిస్ మీద చిన్న అంకెలు చదవాలంటే కుదరదు.

నాలుగోది హెచ్‌టీఎంఎల్ గ్రాఫులకి నేను మొదట ఎంచుకునేది. సర్వర్లో పైన చెప్పిన పైథాన్ చిన్న సర్వర్ని 127.0.0.1కి బైండ్ చేసి నడపడం, మన మెషీన్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌ని పెద్ద ఎల్ ఆప్షన్‌తో 8000 పోర్టుకి టన్నెల్ వేయడం, అంటే మన పోర్టుని సర్వర్ పోర్టుతో కలిపే దారి వేయడం. తర్వాత మన బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ 8000. గీసే పని మన మెషీన్ చేస్తుంది కాబట్టి జూమ్, హోవర్ అన్నీ చురుగ్గా ఉంటాయి; కొత్త గ్రాఫ్ సేవ్ అయితే పేజీని రిఫ్రెష్ చేస్తే చాలు. వీఎస్ కోడ్ రిమోట్‌తో పనిచేసేవాళ్లకి ఈ టన్నెల్ వేసే శ్రమ కూడా ఉండదు, పోర్టు కనిపించగానే అదే ఫార్వర్డ్ చేసిపెడుతుంది.

ప్రాణంతో దాచిన గ్రాఫులు

పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఫిగర్ని పికిల్ చేసి, అంటే మెమరీలో ఉన్నదున్నట్టు ఫైలుగా మార్చి, దాచేవాళ్లున్నారు. మళ్లీ తెరిచి జూమ్ చేయొచ్చు, గీత రంగు మార్చొచ్చు అని. తెరవడానికి ప్రత్యేకమైన కమాండేం లేదు. పైథాన్‌ని చిన్న సీ ఆప్షన్‌తో పిలిచి, పైప్లాట్‌ని ఇంపోర్ట్ చేసి, పికిల్‌ని లోడ్ చేసి, చివర్లో ‘షో’ పిలవాలి. ‘షో’ మర్చిపోతే ప్రోగ్రామ్ ఎర్రర్ లేకుండా, బొమ్మ లేకుండా ముగిసిపోతుంది. డిస్‌ప్లే లేని సర్వర్లో అయితే ‘షో’ పిలిచినా లాభం లేదు, ఈ క్యాన్వాస్ ఇంటరాక్టివ్ కాదని వార్నింగ్ ఇచ్చి వదిలేస్తుంది.

ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. పికిల్‌ని తెరవడమంటే అందులో ఉన్న ఆదేశాలని నడపడమే. ఎవరో పంపిన పికిల్‌ని గ్రాఫే కదా అని తెరవకండి. రెండోది, ఒక వెర్షన్లో పికిల్ చేసిన ఫిగర్ ఇంకో వెర్షన్లో తెరుచుకుంటుందని మ్యాట్‌ప్లాట్‌లిబ్ హామీ ఇవ్వదు. వారం రోజుల పనికి వాడుకోండి, భద్రంగా దాచడానికి వద్దు. ఆర్ భాషలో జీజీప్లాట్‌తో గీసిన గ్రాఫుని ఆర్‌డీఎస్ ఫైలుగా దాచడానికీ ఇదే వర్తిస్తుంది. అక్కడ అదనంగా ఇంకో తమాషా: ‘ఆర్‌స్క్రిప్ట్’తో ఆ ఫైలు చదివి ప్రింట్ చేయమంటే తెరమీద ఏమీ రాదు. పనిచేయలేదనుకుని నాలుగైదుసార్లు కొడతారు. ఫోల్డర్లో చూస్తే ‘ఆర్‌ప్లాట్స్’ అనే పీడీఎఫ్ ఉంటుంది, బొమ్మ అందులోకి వెళ్లిపోయింది. విండోలో చూడాలంటే ఆర్‌ని మామూలుగా తెరిచి అందులో చదివించాలి.

మ్యాట్‌ల్యాబ్ ఫిగ్ ఫైలైతే ‘మ్యాట్‌ల్యాబ్’ కమాండ్‌కి చిన్న ఆర్ ఆప్షనిచ్చి ‘ఓపెన్‌ఫిగ్’ పిలవండి. 2019ఏ విడుదల నుంచి వచ్చిన ‘బ్యాచ్’ ఆప్షన్ కొత్తది కదా అని దాన్ని వాడితే, పని కాగానే మ్యాట్‌ల్యాబ్ మూసుకుపోతుంది, గ్రాఫ్ కూడా దాంతోనే. అన్నీ సరిగ్గా ఉండి కూడా విండో కనిపించకపోతే, ఆ ఫిగర్ని కనిపించని స్థితిలో సేవ్ చేసి ఉంటారు. ‘ఓపెన్‌ఫిగ్’కి రెండో ఆర్గ్యుమెంట్‌గా ‘విజిబుల్’ ఇవ్వండి. లైసెన్సు లేనివాళ్లకి తలుపులన్నీ మూసుకుపోలేదు. ఫిగ్ ఫైలు లోపల మ్యాట్ ఫైలే కాబట్టి సైపై అనే పైథాన్ లైబ్రరీలోని ‘లోడ్‌మ్యాట్’ చదవగలదు. ఒకదానిలో ఒకటి ఇమిడిన స్ట్రక్చర్లని విప్పుకుంటూ వెళ్తే ఎక్స్, వై విలువలు దొరుకుతాయి, వాటితో మళ్లీ గీసుకోవచ్చు. 7.3 వెర్షన్లో సేవ్ చేసినవి మాత్రం హెచ్‌డీఎఫ్5 రూపంలో ఉంటాయి, వాటికి హెచ్5పై అనే పైథాన్ లైబ్రరీ కావాలి.

శాస్త్ర డేటాని త్రీడీలో చూపించే పారావ్యూలో, స్టేట్ ఫైలుకి (ఏది ఎలా చూపించాలో రాసి దాచిన ఫైలు) ‘స్టేట్’ ఆప్షన్, డేటా ఫైలుకి ‘డేటా’ ఆప్షన్. స్టేట్ ఫైల్లో డేటా ఉండదు, డేటా ఏ దారిలో ఉందో మాత్రమే రాసి ఉంటుంది. ఇంకో మెషీన్‌కి స్టేట్ ఒక్కటే పంపి ‘నా దగ్గర బాగానే వచ్చిందే’ అనడం ఈ రంగంలో రోజూ వినే మాటే. డేటా పేర్లు మారకుండా ఒకే ఫోల్డర్లో కలిపి పంపితే, తెరిచేటప్పుడు ఆ ఫోల్డర్ని చూపించవచ్చు.

స్క్రిప్టే ఫైలైతే

స్క్రిప్టు చదివి గ్రాఫ్ గీసే గ్నూప్లాట్ 1986 నుంచి ఉంది, ఇప్పటికీ చాలామంది గ్రాఫులు దాచేది జీపీ స్క్రిప్టులుగానే. నేరుగా నడిపితే విండో మెరుపులా వచ్చి మాయమవుతుంది. చిన్న పీ ఆప్షన్ ఇస్తే విండో నిలుస్తుంది. అయితే జూమ్ చేసి చూసుకోవాలనుకుంటే ఫైలు పేరు తర్వాత ఒక్క డాష్ పెట్టి గ్నూప్లాట్‌ని బతికే ఉంచడం మంచిది, లేదా స్క్రిప్టు చివర ‘పాజ్ మౌస్ క్లోజ్’ రాసుకోవాలి. సర్వర్లో ఉంటే గ్నూప్లాట్‌లో ‘టెర్మినల్’ అనే సెట్టింగ్‌ని (బొమ్మ ఏ రూపంలో గీయాలో చెప్పేది) ‘డంబ్’గా మార్చండి, చుక్కలతో నక్షత్రాలతో గ్రాఫ్ అక్కడే గీస్తుంది. స్క్రిప్టు లోపల ఆ సెట్టింగ్ ముందే రాసి ఉంటే మీరు బయటినుంచి చెప్పింది చెల్లదు. ఆ లైను వెతికి తీసేయాలి.

గ్రాఫ్‌విజ్ ఫైలుకి ‘డాట్’ కమాండ్‌తో ఎస్‌వీజీ చేసి బ్రౌజర్లో చూడటమో, తిప్పితిప్పి చూడాలంటే ‘ఎక్స్‌డాట్’ వాడటమో. గ్రాఫ్ వివరాలు టెక్స్టుగా రాసే వేగా-లైట్ జేసన్ ఫైలుని తెరిస్తే టెక్స్ట్ ఎడిటరే లేస్తుంది, అది సహజం. ‘వీఎల్-కన్వర్ట్’ దాన్ని ఎస్‌వీజీగానో పీఎన్‌జీగానో మార్చిపెడుతుంది, బ్రౌజర్ కూడా అక్కర్లేదు.

జుపిటర్ నోట్‌బుక్కులు స్క్రిప్టుకీ పూర్తయిన బొమ్మకీ మధ్యలో ఉంటాయి: కోడూ ఉంటుంది, గతసారి గీసిన బొమ్మా లోపలే ఉంటుంది. బొమ్మ చూస్తే చాలనుకునేవాళ్లు జుపిటర్ ల్యాబ్ మొత్తాన్ని లేపనక్కర్లేదు. ‘ఎన్‌బీకన్వర్ట్’తో హెచ్‌టీఎంఎల్ చేస్తే సేవ్ అయిన అవుట్‌పుట్లు అలాగే వస్తాయి. ‘ఎగ్జిక్యూట్’ అని ప్రత్యేకంగా అడిగితే తప్ప అది కోడుని నడపదు. కాబట్టి వేరేవాళ్ల నోట్‌బుక్కుని చూడటానికి ఇదే భద్రమైన దారి, డేటా మీ దగ్గర లేకపోయినా పర్వాలేదు. గిట్‌లో పెట్టేముందు అవుట్‌పుట్లు తుడిచేసే అలవాటున్న టీం నుంచి వచ్చిన నోట్‌బుక్ అయితే మాత్రం తెరిచినా కనిపించేది కోడు ఒక్కటే. బొమ్మ కావాలంటే డేటా తెప్పించుకుని నడపాల్సిందే.